చెప్పుల లెక్క

ఓణం ముందురోజు కుట్టుమిషను దగ్గర కూర్చున్న మనిషి చేత ఏ కాగితం మీదైనా సంతకం పెట్టించవచ్చు. వర్కిచ్చన్‌కి ఈ సంగతి బాగా తెలుసు. అందుకే పొద్దున్న తొమ్మిదింటికి, సెలీనమ్మ కొట్టు ముందు పదిమంది ఆడవాళ్లు జాకెట్ల కోసం నిలబడి గోల చేస్తున్నప్పుడు, తీరిగ్గా మెట్లెక్కి వచ్చాడు. ఒక కాగితం మడతపెట్టి, కింది భాగం మాత్రం కనిపించేలా మిషను బల్ల మీద ఉంచాడు.

"ఇక్కడొకటి గీకు మోళే. మధ్యాహ్నం జీపు కదలాలి." యాభై దాటినవాళ్లని కూడా ఆయన మోళే, అంటే అమ్మాయీ, అనే పిలుస్తాడు.

సెలీనమ్మ నోట్లో గుండుసూదులున్నాయి. ఏమిటని అడగాలంటే వాటిని తియ్యాలి. తియ్యకుండానే సంతకం పెట్టేసింది. యాభై రెండేళ్ల మనిషి, చేతికొచ్చిన గుడ్డని నాలుగుసార్లు కొలవకుండా కత్తెర పెట్టని మనిషి, ఆ రోజు మాత్రం కాగితాన్ని ఒక్కసారైనా విప్పి చూడలేదు.

వర్కిచ్చన్ పన్నెండెకరాల ఏలకుల తోటకి ఆసామి, నవధార క్లబ్బుకి అధ్యక్షుడు. సెలీనమ్మ ఆ క్లబ్బుకి కార్యదర్శి. క్లబ్బంటే మలంపార కూడలిలో రెండు గదులు, ఒక క్యారమ్స్ బల్ల, చెదలు పట్టగా మిగిలిన నాలుగు వందల పుస్తకాలు. ఊరి పరువంతా ఉన్నది మాత్రం వాటిలో కాదు, మూలన చుట్ట చుట్టి పెట్టిన తాడులో. ఓణం వస్తే ఆ కొండల్లో ఊరికో జట్టు తాడు లాగే పోటీకి దిగుతుంది. పక్కకి ఏడుగురు. ఏడుగురి బరువూ కలిపి నాలుగు వందల యాభై అయిదు కిలోలు దాటకూడదు. ఆటకి ముందు అందరినీ కాటా ఎక్కిస్తారు.

బలమున్న జట్టు గెలుస్తుందని కింద మైదానాల్లో వాళ్లు అనుకుంటారు. ఆట సగం కాటా దగ్గరే అయిపోతుందని కొండ మీద అందరికీ తెలుసు. బరువైన మనుషుల్ని వారం రోజులు మాడ్చి, పిండి, కాటా దాటించి, ఆ తరువాత నీళ్లూ తిండీ పట్టించి బరిలో నిలబెడితే అవతలి జట్టు తాడుతో సహా జారుకుంటూ వచ్చేస్తుంది. రెండేళ్ల కిందట బైజు అనే కుర్రవాడు ఇలాగే మాడి, కాటా ముందు వరసలో కూలిపోయాడు. విషజ్వరమని క్లబ్బు వాళ్లు చెప్పారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు బస్సెక్కి కిందికి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకుని వస్తున్నాడు. అప్పటి కార్యదర్శి తప్పుకున్నాడు. ఎవరూ ఆ కుర్చీ వైపు చూడకపోతే, ఎదురు చెప్పదు కదా అని సెలీనమ్మని కూర్చోబెట్టారు.

ఆమె ఎదురు చెప్పలేదు, నిజమే. మొదటి సమావేశంలోనే ఒక నిబంధన రాసి తెచ్చింది. తూకం కోసం నవధార ఆటగాడెవడూ పస్తుండకూడదు, నీళ్లు మానకూడదు, ఏలకుల స్టోరులో కూర్చోకూడదు. పచ్చి ఏలకుల్ని కట్టెల పొయ్యి వేడి మీద ఎండబెట్టే గదిని అక్కడ స్టోరంటారు. మనుషులు అందులో కూర్చుంటే అరగంటకి కిలో దిగుతారు. అందరూ చేతులెత్తారు. నిబంధనకి అద్దం కట్టించి గోడకి తగిలించారు. ఆ తరువాత ఉడికించిన కర్రపెండలం, చేపల పులుసు తిని ఇళ్లకి పోయారు. గోడ మీద ఉంది కాబట్టి ఇక దాన్ని ఎవరూ చదవనక్కర్లేకపోయింది.

పదకొండింటికి జిన్సి వచ్చింది. నిండు నెలలు. మెట్ల దగ్గరే ఆగి, ఆయాసపడుతూ ఒక జెర్సీ అందించింది. అది ఆమె భర్త ఎల్దోది. జట్టులో తాడు చివర నిలబడి నడుముకి తాడు తగిలించుకునే మనిషి అతనే. అతను కదిలితే జట్టు కదిలినట్టే. జెర్సీ వదులైపోయిందట, రెండంగుళాలు పట్టమంది.

"ఆదివారం సరిపోయిందిగా?" అంది సెలీనమ్మ.

"నోంబు కదా చేచ్చీ. మరియమాత పుట్టినరోజు దాకా ఉపవాసం, గంజినీళ్లేనంట. చెప్పులు కూడా వదిలేశాడు. నాకు పురుడు సుఖంగా అవ్వాలని." అక్కతో చెప్పుకున్నట్టు చేచ్చీ అంటూ ఆ చెప్పడంలో కొంచెం సిగ్గు, బోలెడు గర్వం ఉన్నాయి.

మొగుడంటే అలా ఉండాలని నిలబడ్డ ఆడవాళ్లన్నారు. సెలీనమ్మ కూడా అంది. అంటూనే రెండంగుళాలు పట్టి ఇచ్చేసింది. నాలుగు రోజుల్లో మగవాడి నడుము రెండంగుళాలు తగ్గితే అది భక్తి ఒక్కటే అయ్యుండదని, ముప్పై ఏళ్లుగా టేపు పట్టుకున్న మనిషికి తట్టాల్సింది. చేతినిండా పనుంటే కళ్లు మూసుకుపోతాయి.

పన్నెండున్నరకి వర్కిచ్చన్ ఫోను చేశాడు. కాగితం మీద క్లబ్బు ముద్ర వేయించడం మరిచిపోయాడట. ముద్ర లేకపోతే పోటీ వాళ్లు తీసుకోరు. అది సెలీనమ్మ సొరుగులో ఉంటుంది. "స్టోరు దగ్గరున్నాం. ఇంకో పావుగంటలో బయల్దేరతాం. జీపు నీ కొట్టు ముందాగుతుంది, బయటికి తీసి పెట్టు," అన్నాడు.

"ఆటగాళ్లతో స్టోరు దగ్గర ఏం చేస్తున్నారు?"

వర్కిచ్చన్ ఫోను పెట్టేశాడు.

సెలీనమ్మ కుడుతున్న జాకెట్టు అలాగే సూది కింద వదిలేసి లేచింది. ముద్ర, సిరాపెట్టె, కత్తెర సంచిలో వేసుకుంది. బయట నిలబడ్డవాళ్లు గగ్గోలు పెట్టారు. పండక్కి పాతవి తొడుక్కోండని చెప్పి, తలుపు కూడా వెయ్యకుండా చర్చి దారి పట్టింది.

చర్చి దాటాక దారి తోటలోకి దిగుతుంది. స్టోరుకి వేరే బండి దారి లేదు. వర్షం వెలిసిన దారి జారుతోంది, ఆమెకి మోకాళ్ల నొప్పులు. అయినా ఆగలేదు. పొద్దున్న తాను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో ఇప్పుడామెకి బాగా తెలుసు. ఆటగాళ్లని మాడ్చలేదని క్లబ్బు హామీ ఇచ్చే ఆ కాగితాన్ని పోటీ వాళ్లు బైజు పడిపోయాకే పెట్టారు. పెట్టాలని పట్టుబట్టి ఉత్తరాలు రాసిన వాళ్లలో ఆమె కూడా ఒకతె. ఆ అవమానానికి దారి పొడవునా చెవులు వేడెక్కుతూనే ఉన్నాయి.

స్టోరు వాకిట్లో జీపు ఇంజను ఆడుతోంది. వెనక బల్లల మీద ఆటగాళ్లు వానకోట్లు, ఉన్ని టోపీలు తగిలించుకుని, ఒకరి మీద ఒకరు వాలిపోయి ఉన్నారు. పెదాలు తెల్లగా పగిలి ఉన్నాయి. ఒకడు ఖాళీ సీసాలోకి ఉమ్ముతున్నాడు. ఉమ్మి కూడా బరువే కదా. పక్కన ఏలకుల బస్తాలు తూచే కాటా ఉంది. దాని దగ్గర జట్టు గురువు కుట్టప్పన్ ఆశాన్ చెవిలో పెన్సిలుతో నిలబడ్డాడు. స్టోరు తలుపు గడియ పెట్టి ఉంది. లోపల కాయ ఎండుతోంది, గొట్టం నుంచి పొగ వస్తోంది.

వర్కిచ్చన్ నవ్వుతూ ఎదురొచ్చి, ఇంత దూరం ఎందుకు శ్రమపడ్డావని కాగితం చేతికిచ్చాడు. ఈసారి ఆమె విప్పి చదివింది. ఏడు పేర్లు, ఏడు బరువులు, కూడితే నాలుగు వందల యాభై నాలుగు. పోయిన వారం క్లబ్బు పలక మీద అది నాలుగు వందల డెబ్బై. కింద, ఆటగాళ్లందరూ ఆరోగ్యంగా ఉన్నారనీ, తూకం కోసం పస్తులు గానీ వేడి గానీ వాడలేదనీ, దీనికి క్లబ్బుదే బాధ్యత అనీ ఉంది. దాని కింద ఆమె సంతకం.

పదహారు కిలోలు ఎటు పోయాయని అడిగింది.

వర్కిచ్చన్ నీళ్లు నమిలాడు. కుట్టప్పన్ ఆశాన్ మాత్రం నమలలేదు. అరవై దాటినా చేతులు తాడులాగే ఉంటాయి, మాట కూడా అంతే. "ఇదేం జాకెట్టు కాదు చేచ్చీ, కొలతలడగడానికి. ఎల్దో నోంబులో ఉన్నాడు, వీళ్లు వాడికి తోడున్నారు. మాత కోసం పస్తుండొద్దని నీ నిబంధనలో ఉందా?"

జీపులో ఎవరో నీరసంగా నవ్వారు. అంత పకడ్బందీగా ఆలోచించినందుకు సెలీనమ్మకి ఒళ్లు మండిపోయింది. దేవుణ్ణి కూడా జట్టులో కలుపుకున్నారు వీళ్లు.

"సరే ఆశాన్. ఏడుగురూ దిగి, నా ముందు నిలబడి, ఎవడి పేరు వాడు చెప్పాలి. నిలబడగలిగితే ముద్ర వేస్తాను."

టైమైపోతోందని వర్కిచ్చన్ విసుక్కున్నాడు. కాటా మూడింటికి మూస్తారు, దారి గంటన్నర. అయినా ముద్ర ఆమె సంచిలో ఉంది. చేసేదేం లేక దిగమన్నాడు. ఒక్కొక్కడే కమ్మీ పట్టుకుని దిగాడు. ఒకడికి మోకాళ్లు మడతపడితే పక్కవాడు పట్టుకున్నాడు. గొంతులు ఎండి పేర్లు సగమే వినపడ్డాయి. ఆరు పేర్లయ్యాయి.

"ఎల్దో ఏడి?"

ముందే వెళ్లిపోయాడని ఆశాన్ చెప్పాడు. చర్చిలో కొవ్వొత్తి వెలిగించి, వంతెన దగ్గర జీపెక్కుతానన్నాడట. తాను చర్చి మీదుగానే వచ్చానని, దారిలో ఒక్క మనిషి కూడా ఎదురుపడలేదని సెలీనమ్మ అంది. తోటలోంచి అడ్డంగా పోయుంటాడని వర్కిచ్చన్ అన్నాడు. అతను వెళ్లడం ఎవరు చూశారని అడిగితే ఆరుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బయటికి రాగానే కళ్లు బైర్లు కమ్మి జీపులో పడ్డవాళ్లు వాళ్లు. ఎవడు ముందొచ్చాడో, ఎవడు వెనకొచ్చాడో ఎవడికి గుర్తుంటుంది?

"అందరూ బయటికొచ్చాకే గడియ పెట్టాను," అన్నాడు ఆశాన్, ఓపిగ్గా. "చూడు, గడప దగ్గర ఒక్క చెప్పు లేదు. ముప్పై ఏళ్ల నుంచి ఇదే లెక్క. ఇంతవరకూ తప్పలేదు."

ఆ లెక్క ఆమెకీ తెలుసు, తోటల్లో అందరికీ తెలుసు. లోపల ఆవిరికి, చీకటికి మనుషులు కనపడరు. అందుకని లోపలికి వెళ్లేవాడు గడప బయట చెప్పులు విడుస్తాడు, వచ్చినవాడు తొడుక్కుంటాడు. గడప దగ్గర చెప్పు లేదంటే లోపల మనిషి లేనట్టే. కూలివాళ్ల ప్రాణాలు కాపాడిన లెక్క అది. సెలీనమ్మ మెత్తబడింది. సంచిలోంచి సిరాపెట్టె తీసి మూత తెరిచింది. ముద్రని సిరాలో అద్దింది. వేద్దామనే అనుకుంది. ఆ సంగతి ఆమె తరువాత ఎవరి దగ్గరా దాచలేదు.

చెయ్యి కాగితం మీదికి వెళ్లి ఆగిపోయింది. చెప్పులు కూడా వదిలేశాడు చేచ్చీ, అన్న జిన్సి గొంతు చెవిలో మోగింది.

"ఆశాన్," అంది. "ఎల్దో చెప్పులు ఎక్కడ విడిచాడు?"

కుట్టప్పన్ ఆశాన్ నోరు తెరిచాడు. గడప వైపు చూశాడు. ఆయన చెవిలో పెన్సిలు కింద పడింది.

సెలీనమ్మ అప్పటికే తలుపు దగ్గరుంది. వెనక నుంచి వర్కిచ్చన్ కేకేశాడు. తలుపు తీస్తే వేడి పోతుందని, కాయ రంగు పోతుందని. పాపం, ఆయన దుర్మార్గుడు కాదు. నలభై ఏళ్లుగా ఆ తలుపు మీద చెయ్యి పడినప్పుడల్లా అనే మాటే నోటికి వచ్చేసింది. కానీ అన్నాడు, అక్కడున్నవాళ్లందరూ విన్నారు. గడియ కాలుతోంది. ఆమె కొంగు చుట్టి లాగింది. రాలేదు. ఆశాన్ పరుగెత్తుకొచ్చి భుజంతో నెట్టాడు.

వేడి ముఖం మీద కొట్టింది. ఏలకుల ఘాటుకి కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆశాన్ నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని లోపలికి దూరాడు. సెలీనమ్మ గడప మీద నిలబడి ఎల్దో, ఎల్దో అని పిలుస్తూనే ఉంది. చెక్క అరలు కదిలిన చప్పుడు, కాయలు నేల మీద జలజలా రాలిన చప్పుడు వినపడ్డాయి. ఆ కాసేపటిలో ఆమె జపమాలలో ఎన్ని పూసలుంటాయో అన్నిసార్లు తనని తాను తిట్టుకుంది. అప్పుడు ఆశాన్ వీపు కనిపించింది. వెనక్కి వెనక్కి నడుస్తూ, తాడు లాగినట్టే, ఎల్దోని చంకల కింద పట్టి లాక్కొస్తున్నాడు. అతను అందరికంటే ఎక్కువ బరువు దిగాల్సినవాడు. ఇంకో అయిదు నిమిషాలు కూర్చుందామని ఆఖరి అర వెనక్కి జరిగాడు. అక్కడే వాలిపోయాడు.

ఒళ్లు పొయ్యిలా ఉంది. చెమట చుక్క లేదు. అదే సెలీనమ్మని భయపెట్టింది. జిప్పు బిగుసుకుపోయి వానకోటు ఊడి రాకపోతే కత్తెర తీసి గొంతు నుంచి నడుము దాకా ఒక్క వేటున కోసేసింది. తొట్టిలో నీళ్లు తెచ్చి కుమ్మరించారు. ఆరుగురు ఆటగాళ్లూ, నిలబడటానికే ఓపిక లేనివాళ్లు, అతణ్ణి ఎత్తి జీపులో పడుకోబెట్టారు. జీపు కిందికి దూకింది. రెండ్రోజులుగా నీళ్లు లేవని, గంటసేపు స్టోరులో కూర్చున్నామని ఆటగాళ్లే దారిలో చెప్పారు. కాటా ఉన్న ఊరి మలుపు దాటుతున్నప్పుడు ఎవరూ అటు చూడలేదు.

ఆస్పత్రిలో చాలా చిన్నవయసు డాక్టరమ్మ ఉంది. ఏమైందని అడిగింది. సెలీనమ్మ జవాబు కోసం ఊపిరి కూడదీసుకునేలోపు వర్కిచ్చన్ ముందుకొచ్చాడు. ఎనిమిది రోజుల నోంబు డాక్టర్, గంజి మీదే ఉన్నాడు, చర్చి దగ్గర ఎండకి పడిపోయాడు, అని తడుముకోకుండా చెప్పాడు. డాక్టరమ్మ రాసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆశాన్ నేల చూపులు చూశాడు. సెలీనమ్మ కూడా కిమ్మనలేదు. రెండేళ్ల కిందట విషజ్వరమని చెప్పినప్పుడు ఇంతమందీ ఎలా నోరు మూసుకున్నారా అని అప్పట్లో ఆశ్చర్యపోయింది. అదేం కష్టం కాదని ఇప్పుడు తెలిసింది.

వర్కిచ్చన్ ఆమెని వరండా చివరికి పిలిచాడు. గొంతు తగ్గించాడు. ముద్ర పడలేదు కాబట్టి అది చెల్లే కాగితం కాదని, సంచిలో ఉందిగా, చింపెయ్యమని చెప్పాడు.

"నా కోసం చెప్పట్లేదు మోళే. పోలీసులొస్తే అందులో ఉన్న సంతకం నీ ఒక్కదానిదే."

ఆ మాటలో అబద్ధం లేదు. చింపితే క్లబ్బుంటుంది, కొట్టుంటుంది, పరువుంటుంది. ఆమె సంచిలో చెయ్యి పెట్టి కాగితం పట్టుకుంది.

అప్పుడే జిన్సిని ఎవరో ఆటోలో తీసుకొచ్చారు. మెట్లెక్కలేక కమ్మీ పట్టుకుని ఆగి, సెలీనమ్మని చూసి ఒక్కసారిగా ఏడ్చేసింది. ఏడుస్తూ, కడుపు మీద చెయ్యి వేసుకుని అంది. "నా వల్లే చేచ్చీ. నా పురుటి కోసమే కదా ఆ నోంబు. వద్దని ఒక్కమాట అంటే సరిపోయేది. అతనికేమన్నా అయితే ఈ బిడ్డకి నేనేం చెప్పను?"

వర్కిచ్చన్ ఊరుకోమన్నట్టు ఆమె తల మీద చెయ్యి వేశాడు. కాదు అనలేదు.

సెలీనమ్మ సంచిలోంచి కాగితం బయటికి తీసింది. జైలుకైనా వెళ్లవచ్చు, కొట్టు మూసుకోవచ్చు. కానీ ఈ పిల్ల బతికినంత కాలం, తన పురుడే తన మొగుడి ప్రాణం మీదికి తెచ్చిందనుకుంటూ ఆ బిడ్డకి పాలిస్తుంది. ఆ బరువు ఏ కాటా మీదా దిగదు. ఆమె వర్కిచ్చన్ చెయ్యి పక్కకి తీసేసింది. కాగితం జిన్సి చేతిలో పెట్టింది.

"నోంబు కాదమ్మా. వాణ్ణి స్టోరులో పెట్టి ఎండబెట్టారు. రెండ్రోజులుగా నీళ్లివ్వలేదు. ఇలాంటివేం చెయ్యలేదని రాసిన కాగితం ఇది. కింద సంతకం నాది. చదవకుండా పెట్టాను."

జిన్సి చదివింది. పెదాలు కదుపుతూ, మెల్లగా, ఏడో పేరు దాకా. తలెత్తి సెలీనమ్మని చూసిన చూపులో క్షమ లాంటిదేం లేదు. కాగితం తిరిగివ్వలేదు. నాలుగు మడతలు పెట్టి పిడికిట్లో బిగించి, డాక్టరమ్మ వెళ్లిన తలుపు వైపు నడిచింది. "ఆ కాగితం ఇలా ఇవ్వు మోళే," అంటూ వర్కిచ్చన్ రెండడుగులు వేశాడు. ఆశాన్ ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపాడు. అంతవరకూ ఆశాన్ ఆసామి మీద చెయ్యి వేసి ఎరగడు.

ఆ గదికి చెప్పులతో వెళ్లకూడదు. జిన్సి విడిచింది. సెలీనమ్మ తనవి కూడా విడిచి వెనకే వెళ్లింది. గంటసేపు వేడిలో ఉన్నాడని, రెండ్రోజులుగా నీళ్లు లేవని, తలుపు బయటి నుంచి గడియ పెట్టి ఉందని, తాను కార్యదర్శినని సెలీనమ్మ చెప్పడం వరండాలోకి వినపడింది. డాక్టరమ్మ గొంతు పెరిగింది. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని అడిగింది. మంచుగడ్డలు తెమ్మని, ఇంకో సీసా ఎక్కించమని నర్సుల్ని పరుగులు పెట్టించింది. తలుపు మూసుకుంది.

కుట్టప్పన్ ఆశాన్ చాలాసేపు ఆ తలుపు ముందే నిలబడ్డాడు. ఆరుగురు ఆటగాళ్లు ఆయన వెనక గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఆయన కళ్లు అలవాటుగా గడప దగ్గరికి వెళ్లాయి. రెండు జతల చెప్పులున్నాయి. ఆయన వాటి వైపు చూడటం మానేశాడు. తలుపు తెరుచుకుని నర్సు బయటికి రాగానే చేతులు కట్టుకుని అడిగాడు.

"సిస్టర్, ఎల్దో... ఎల్దో లోపల ఉన్నాడా?"

"ఉన్నాడు," అంది ఆ పిల్ల, హడావిడిగా నడుస్తూనే. "నీళ్లు అడుగుతున్నాడు."